గుడ్డ గోడ

భోగం అనే మాటను తెలుగువారు ఇప్పుడు సుఖానికే వాడుతున్నా, ఆ మాటలో మొదటినుంచీ రెండు అర్థాలు కలిసి ఉన్నాయి. సుఖాన్ని చవిచూడడమూ భోగమే, చేసుకున్నదాని ఫలితాన్ని తప్పించుకోలేక భరించడమూ భోగమే. ఆస్తిని అనుభవించినవాడూ కష్టాన్ని అనుభవించినవాడూ ఒకే క్రియాపదం నీడన నిలబడతారు. ఈ రెండో అర్థం మరుగునపడిన తరువాతనే విలాసమంటే మెత్తని పరుపు, చల్లని గది, చప్పుడు చొరబడని మందపాటి గోడ అనే భావన స్థిరపడింది. తూర్పు ఆఫ్రికా గడ్డిమైదానాలలో, సరస్సుల ఒడ్డున వెలిసే ఖరీదైన సఫారీ విడుదులు ఆలోచించదగిన విషయం కావడానికి కారణం, మరుగునపడిన ఆ అర్థం అక్కడ మళ్ళీ కదలడమే. లోకంలో మరెక్కడైనా ధనం గోడను మందం చేయడానికి ఖర్చవుతుంది. అక్కడ గోడను పలచన చేయించుకోవడానికి ఖర్చవుతుంది. ఒక రాత్రికి వందల డాలర్లు చెల్లించే అతిథికి, సింహానికీ తనకూ మధ్య ఒక గుడ్డ మందం మాత్రమే మిగులుతుంది.

ఈ మాటను ఒక నిర్దిష్టమైన చోటికి కట్టి చూడడం మేలు. టాంజానియా ఉత్తర భాగంలో, సెరెంగెటి జాతీయ వనానికీ గోరోంగోరో పరిరక్షణ ప్రాంతానికీ నడుమ హద్దు సాగే చోట, న్డూటు, మసేక్ అనే రెండు సరస్సులు దగ్గరదగ్గరగా ఉన్నాయి. సెరెంగెటి అనే పేరు మాసాయి పశుపాలకుల భాషలో అంతు లేకుండా సాగిపోయే నేల అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. భూగోళ శాస్త్రం ఇటువంటి నేలను సవానా అంటుంది. అంటే గడ్డి నేలను ఎడతెగకుండా కప్పి, చెట్లు ఎడమెడంగా నిలిచి, ఏడాదంతా వానకాలం, ఎండకాలం అనే రెండు ఊపుల మధ్య నడిచే భూమి. సరస్సుల చుట్టూ కనిపించే చెట్లు ఎక్కువగా గొడుగు ఆకారంలో పరచుకునే తుమ్మజాతివి, తెలుగు నేల మీది నల్లతుమ్మకు దగ్గరి చుట్టాలు. వాటి కొమ్మలలో ఆకుపచ్చ ఒళ్ళూ నారింజరంగు ముఖమూ ఉన్న చిన్న చిలుకలు గుంపులుగా కలకలలాడుతూ ఉంటాయి. ఇవే అసలైన లవ్ బర్డ్స్. తెలుగు పట్టణాల దుకాణాలలో పంజరాలలో పెట్టి ఆ పేరుతో అమ్మే పిట్టలలో చాలామటుకు ఆస్ట్రేలియా చిలుకలేనన్న సంగతి అక్కడికి వెళ్ళిన తెలుగువారిలో చాలామందికి అక్కడే తెలిసి ఉంటుంది.

సరస్సు ఒడ్డు అనగానే మనసుకు తోచే చల్లని, తీయని నీటి ఊహ ఇక్కడ పనికిరాదు. న్డూటు, మసేక్ రెండూ లోతు తక్కువైన సోడా సరస్సులు. అగ్నిపర్వతాల బూడిదలోని క్షారాలు వాననీటితో కలిసి దిగువకు చేరి, ఎండకు నీరు ఆవిరైపోగా అడుగున చిక్కబడినప్పుడు ఇటువంటి సరస్సు ఏర్పడుతుంది. చవుడు నేలను ఎరిగినవారికి ఆ ఒడ్డు మీది తెల్లని పొక్కు కొత్త కాదు. మనిషి తాగలేని ఆ నీటిలో కంటికి కనపడనంత సన్నని ఒక జాతి నీలాకుపచ్చ నాచు విస్తారంగా పెరుగుతుంది. ఆ నాచును వంచిన ముక్కుతో వడకట్టి తిని, దానిలోని రంగునే రెక్కలకు ఎక్కించుకునే చిన్న ఫ్లెమింగోలు అక్కడికి వచ్చి వాలతాయి. పులికాట్ సరస్సుకు శీతకాలంలో వచ్చే పెద్ద ఫ్లెమింగోలను చూసినవారు ఈ పక్షిని వెంటనే గుర్తుపడతారు గాని, ఇది కాస్త పొట్టిది, గులాబీ రంగు మరింత ముదురు. సరస్సు పక్కనే ఉన్న విడిదికి మంచినీళ్ళు మాత్రం దూరం నుంచి లారీల మీద రావలసిందే. కళ్ళెదుట అంత నీరు పరచుకుని ఉండగా తాగే ప్రతి గ్లాసూ ఎంతో దూరం ప్రయాణించి వచ్చినదన్న ఎరుక, అక్కడి భోగానికి పునాది.

అక్కడి గడ్డి కథ నీటి కథ కన్నా విశేషమైనది. తూర్పున ఓల్ డోయిన్యో లెంగాయి అనే అగ్నిపర్వతం ఉంది. మాసాయి భాషలో దానికి దేవుడి కొండ అని అర్థం. లోకంలో ఇప్పుడు సజీవంగా ఉన్న అగ్నిపర్వతాలలో సోడా, సున్నం కలిసిన నల్లని లావాను కక్కేది అదొక్కటే. అదీ, దాని పొరుగున ఎప్పుడో చల్లారిన కొండలూ వేల ఏళ్ళుగా చిమ్మిన బూడిదను గాలి పడమటికి మోసుకుపోయి మైదానం మీద పరిచింది. ఆ బూడిదలోని సున్నం వానకు కరిగి కిందికి దిగి, జానెడో మూరెడో లోతున గట్టిపడి రాతిపొరగా మారింది. చెట్టువేరు ఆ పొరను ఛేదించలేదు. గడ్డివేరుకు దానితో పనిలేదు. చెట్లు లేని ఆ పొట్టిగడ్డి మైదానం అలా పుట్టింది. ఆ గడ్డిలో సున్నమూ భాస్వరమూ పుష్కలంగా ఉండడం చేత, పాలిచ్చే తల్లికీ ఎముక ముదరవలసిన దూడకూ అంతకు మించిన మేత ఆ ప్రాంతంలో దొరకదు.

అందుకే వైల్డ్‌బీస్టులు ఈనడానికి అక్కడికే వస్తాయి. ఆవు ముఖం, గుర్రపు తోక, గడ్డం, కాస్త వంగిన వీపు ఉన్న ఈ జంతువును స్వాహిలీ భాషలో న్యుంబు అంటారు. సుమారు పదమూడు లక్షల న్యుంబులు, వాటి వెంట రెండు లక్షల పైచిలుకు జీబ్రాలు, గజెల్ జింకలు వానల వెంట ఏడాది పొడుగునా తిరుగుతూ, ఎండాకాలంలో ఉత్తరాన కెన్యాలోని మాసాయి మారా వరకూ వెళ్ళి, నవంబరు, డిసెంబరు నెలల చిన్నవానలకు దక్షిణాదికి తిరిగి వస్తాయి. ఫిబ్రవరి ప్రాంతంలో రెండు మూడు వారాల వ్యవధిలోనే దూడలలో అత్యధిక భాగం పుడతాయి, లక్షలలో పుడతాయి. ఈ తొందరను జీవశాస్త్రజ్ఞులు వేటజంతువుల ఆకలిని ముంచెత్తడంగా వివరిస్తారు. దుమ్ములగొండి అయినా సింహమైనా ఒక రోజులో తినగలిగినంతే తింటుంది కనుక, అన్నీ ఒకేసారి పుడితే ఒక్కొక్క దూడకూ బతికే అవకాశం పెరుగుతుంది. ముందుగా పుట్టినదీ ఆలస్యంగా పుట్టినదీ ఎక్కువగా చస్తాయి. పుట్టిన కొద్ది నిమిషాలకే దూడ లేచి నిలబడి, ఆ రోజే తల్లితో సమానంగా పరుగెత్తుతుంది. ఈ నెలల కోసమే న్డూటు చెట్ల కింద గుడారాలు లేస్తాయి. వీటిలో చాలావాటికి పునాదులు లేవు. మంద కదిలితే విడిదీ కదులుతుంది.

గుడారపు బతుకుకు సొంత చరిత్ర ఉంది. సఫారీ అనేది స్వాహిలీ మాట. అరబ్బీలోని సఫర్ నుంచి వచ్చింది. ప్రయాణాన్ని సఫర్ అనే హైదరాబాదువారికి ఆ మాట పరాయిది కాదు. అక్కడి వాడుకలో అంగడిని దుకా అంటారు, వాహనాన్ని గారి అంటారు, తేనీటిని చాయ్ అంటారు. హిందూ మహాసముద్రం మీద శతాబ్దాల పాటు రాకపోకలు సాగించిన వర్తకపు ఓడలు దుకాణాన్నీ గాడీనీ చాయ్‌నీ రెండు తీరాలకూ పంచి పెట్టాయి. పందొమ్మిదో శతాబ్దంలో సఫారీ అంటే బరువులు మోసే మనుషుల వరుస. ఆ వరుసకు అత్యంత ఆడంబరమైన రూపం అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగిన వెంటనే, 1909లో, థియోడర్ రూజ్‌వెల్ట్ సాగించిన యాత్ర. స్మిత్సోనియన్ సంస్థకు నమూనాల సేకరణ పేరుతో సాగిన ఆ యాత్రలో రెండు వందల మందికి పైగా కూలీలు నడిచారు. సాధారణంగా ఒక్కొక్క కూలీ తల మీద మోసే బరువు అరవై పౌన్లు, అంటే దాదాపు ఇరవై ఏడు కిలోలు. చెమటకూ నెత్తుటికీ పాడు కాకుండా పందితోలు అట్టలు వేయించిన పుస్తకాల గ్రంథాలయం కూడా ఆ తలల మీదనే ప్రయాణం చేసింది. గుడారంలో మడత బల్ల మీద దీపం పెట్టుకుని చదువుకునే పాఠకుడి ఏకాంతం ఎంత అందమైనదో, దాని అడుగున అన్ని తలలు ఉన్నాయన్నదీ అంతే నిజం.

ఆ గుడారంలోని కుర్చీకి భారతదేశపు చిరునామా ఉండడం గమనించదగినది. చెక్క కాళ్ళు, తోలు పట్టీలు, కాన్వాసు వీపు మాత్రమే ఉండి, మేకు అన్నది లేకుండా విప్పి మూటకట్టడానికి వీలైన కుర్చీని పందొమ్మిదో శతాబ్దం చివర బ్రిటిష్ సైన్యపు ఇంజనీర్లు వాడేవారు. వారి కేంద్రమైన రూర్కీ పేరే ఆ కుర్చీకి దక్కింది. నేల ఎగుడుదిగుడుగా ఉంటే దాని కాళ్ళు తమంతట తామే సర్దుకుంటాయి. డెన్మార్క్ రూపశిల్పి కోరె క్లింట్ 1933లో దానిని మలచి సఫారీ కుర్చీ అనే పేరుతో లోకానికి ఇచ్చాడు. కుర్చీతోపాటు క్యాంపు అనే సంస్కృతి కూడా ఇక్కడినుంచి అక్కడికీ అక్కడినుంచి ఇక్కడికీ ప్రవహించింది. తెలుగులో క్యాంపు అంటే నేటికీ అధికారి పర్యటన. దానికి ముందున్న మాట మకాం. మకాం వేసిన దొరగారి డేరాలో కుర్చీ, బల్ల, తెల్లని దుప్పటి, వేడినీళ్ళు ఉండేవి. ఆ వేడినీళ్ళను కాచినవారూ సామాన్లు మోసినవారూ చాలాచోట్ల కూలి లేకుండానే ఆ పని చేశారు. నిజాం పాలనలోని తెలంగాణలో వెట్టి అనే మాటకు ఉన్న అర్థాలలో పర్యటనకు వచ్చిన అధికారికి ఊడిగం ఒకటి. నేటి సఫారీ విడిదిలో పనివారికి జీతాలున్నాయి, బహుమానాలున్నాయి, ఎదుగుదల ఉంది. ఈ తేడా చిన్నది కాదు. అయినా గుడారపు ముందు సాయంత్రం మంట చుట్టూ వేసిన కుర్చీల అర్ధచంద్రాకారంలో పాత మకాం నీడ ఇంకా కనిపిస్తుంది.

రాత్రిపూట ఆ విడిది నియమాలు కొన్నే, కాని కచ్చితమైనవి. చీకటి పడ్డాక ఏ అతిథీ ఒంటరిగా గుడారం దాటి నడవకూడదు. భోజనశాల నుంచి వెనక్కు వెళ్ళేటప్పుడు అస్కారి, అంటే కాపలాదారు, టార్చి పట్టుకుని తోడు వస్తాడు. కంచె ఉండదు. వేటజంతువు గుడారాన్ని లోపల మనిషి ఉన్న సంచిగా చూడదని, కదలని పెద్ద వస్తువుగా, రాయిగానో పుట్టగానో మాత్రమే చూస్తుందని అనుభవజ్ఞులైన గైడులు చెబుతారు. అందుకే జిప్పు మూసి లోపల ఉన్నంతవరకూ భయం లేదంటారు. ఈ మాట నమ్మదగినదే. అయితే జిప్పు మూసిన తరువాత జరిగేది మాటలతో తీరేది కాదు. న్యుంబుల మూలుగు ఆ నెలలలో రాత్రంతా ఆగదు. దూరాన వేల గొంతులు ఒకే ముక్కుతో గొణుగుతున్నట్టు ఉంటుంది. మధ్యలో దుమ్ములగొండి కూత అడుగున మొదలై పైకి ఎగసి తెగిపోతుంది. సింహపు గర్జన ఎనిమిది కిలోమీటర్ల దూరం వినబడుతుందని అంటారు గనుక, అది ఎంత దగ్గరగా ఉన్నదో చెవి పోల్చుకోలేదు. మూలుగుతో మొదలై, నిండుగా రెండు మూడు మార్లు విరుచుకుపడి, చివరకు రంపపు కోతవంటి చిన్న ఊపిరులుగా సద్దుమణిగే ఆ ధ్వనిని చెవి కన్నా ముందు ఛాతీ వింటుంది.

భారతీయ రసశాస్త్రం ఇక్కడ బాగా ఉపకరిస్తుంది. భరతుడు చెప్పిన ఎనిమిది రసాలలో భయానకానికి భయమూ, అద్భుతానికి విస్మయమూ స్థాయిభావాలు. స్థాయిభావమంటే రసంగా పండడానికి మనసులో నిలిచి ఉండే మూలభావం. ప్రేక్షకుడు నాటకశాలలో భయపడడు, భయాన్ని ఆస్వాదిస్తాడు. తన ప్రాణానికి ముప్పు లేదన్న నిశ్చయమే ఆస్వాదనకు ఆధారమని ఆలంకారికుల మాటల సారం. గుడారంలో పడుకున్న మనిషి ఈ నిశ్చయానికీ నిజమైన భయానికీ నడుమ ఊగుతాడు. రంగస్థలానికి అంచు లేదు, తెర మాత్రమే ఉంది, ఆ తెర గాలికి ఊగుతూ ఉంది. భయం ఆస్వాదనగా మారడమూ ఆస్వాదన తిరిగి భయంగా మారడమూ ఒక్క రాత్రిలోనే ఎన్నోసార్లు జరుగుతాయి. సిమెంటు గదిలో ఏళ్ళ తరబడి పనిలేక పడి ఉన్న చెవి అక్కడ కొలువుకు వస్తుంది. నిద్ర పలచబడుతుంది; కాని తెల్లవారి లేచిన మనిషి అలసట చెప్పడు. ఇది భోగమనే మాటకు ఉన్న రెండు అర్థాలూ ఒకచోట కలిసే క్షణం, ఆ విడిదిలోని పింగాణీ పళ్ళేలకన్నా నేతిదీపాల వంటి లాంతర్లకన్నా విలువైనది.

స్నానానిదీ ఇటువంటి సంగతే. గుడారం వెనుక చెట్టు కొమ్మకో గుంజకో వేలాడదీసిన తొట్టెలోకి ఇరవై లీటర్ల వేడినీళ్ళు పోసి, తాడు మీద పైకి లాగి కట్టి, నీళ్ళు సిద్ధమని పనివాడు బయటనుంచి చెబుతాడు. అతిథి ఒళ్ళు తడుపుకుని కొళాయి కట్టి, సబ్బు రుద్దుకుని మళ్ళీ విప్పాలి. లేకపోతే తల నిండా నురగ ఉండగానే నీరు అయిపోతుంది. గోడలో నుంచి ఎడతెగకుండా ధార వచ్చే స్నానాలగదికి అలవాటుపడిన మనిషికి నీటికి బరువు ఉందని, దానిని ఎవరో కాచి మోశారని అప్పుడు తెలుస్తుంది. కట్టెలపొయ్యి మీద కాగులో కాగిన నీళ్ళను బిందెతో తోడుకుని పోసుకున్న తెలుగు తరానికి ఇది గుర్తుకు తెచ్చుకోవలసిన విషయం, కొత్తగా నేర్చుకోవలసినది కాదు. ఒక తరం వదిలించుకోవాలని కష్టపడిన పనిని మరొక తరం అంత దూరం వెళ్ళి చవిచూడడంలో తప్పేమీ లేదు. నీటితో ఒంటికి ఉన్న పాత పరిచయం తెగిపోయిందని, దానిని తిరిగి కలుపుకోవాలన్న ఆకలి నిజమైనదని మాత్రం అది చెబుతుంది.

పగటి విషయం తొందరగా చెప్పవచ్చు, ఎందుకంటే అది చిత్రాలలో అందరూ చూసిందే. సెరెంగెటి వనంలో వాహనం దారి విడిచి గడ్డిలోకి దిగరాదు. న్డూటు వైపు ఆ నియమం సడలి ఉండడం చేత, ఒక చీతా దూడను గురిపెట్టిందంటే పది పదిహేను జీపులు దాని చుట్టూ చేరడం జరుగుతుంది. చీతా వేగం మీద ఆధారపడిన జంతువు, దొంగిలించేవారికి తన వేటను సులువుగా వదులుకునే జంతువు. దానికి ఎదుట దారి మూసివేసే వాహనం గుడ్డ గోడ నేర్పిన వినయాన్ని పగలు తీర్చుకున్న అప్పులా చెరిపివేస్తుంది. మంచి గైడు ఎవరంటే, దూరంగా ఇంజను ఆపి, అతిథిని ఓపికపట్టమని చెప్పగలిగినవాడు.

ఇంతవరకూ గోడకు ఇవతలి మాట. ఆ మైదానంలో గోడలు కట్టుకుని బతికినవారు ఇంకొకరు ఉన్నారు. మాసాయి ఆవాసం చుట్టూ తుమ్మకంపతో గుండ్రని కంచె ఉంటుంది, కంచె లోపల స్త్రీలు పుల్లలు, మట్టి, పేడ కలిపి కట్టిన చిన్న ఇళ్ళు, నట్టనడుమ పశువులు. రాయలసీమ గొర్రెల కాపరి దొడ్డి చుట్టూ కంప వేసేది ఏ కారణానికో ఆ కంచె కూడా ఆ కారణానికే. పోగొట్టుకోవడానికి పశువులున్నవారు కంచెను మందంగా వేసుకుంటారు. పలచని గోడ సుఖంగా ఉండేది, ఉదయం లేచి వెళ్ళిపోయేవారికి. సఫారీ గుడారపు మహిమను ఎంత మెచ్చుకున్నా ఈ భేదాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. ఆ గుడ్డ సింహపు గొంతును లోపలికి రానిచ్చినంత సులువుగా, పక్కనే పశువులను తోలుకుపోతున్న మనిషి గొంతును రానివ్వదు.

ఖాళీ నేలగా అతిథి కంటికి కనిపించే ఆ మైదానం ఖాళీ అయిన చరిత్ర పొడుగైనది. ఇటలీ సైన్యం కోసం తెచ్చిన పశువుల వెంట 1887 ప్రాంతంలో ఎరిత్రియాలో అడుగుపెట్టిన ముసర వ్యాధి, అంటే గొడ్లను మందలు మందలుగా చంపే అంటువ్యాధి, కొద్ది ఏళ్ళలో తూర్పు ఆఫ్రికా అంతటా పాకింది. ఆవులూ పోయాయి, న్యుంబులూ పోయాయి. ఆవుల మీద బతికిన మాసాయిలలో ఆకలీ మశూచీ కలిసి ఎందరినో తీసుకుపోయాయి. ఆ కాలాన్ని వారు ఎముతాయి అంటారు, తుడిచిపెట్టుకుపోవడం అని అర్థం. ఆ తరువాత వచ్చిన ఐరోపావారు చూసిన విశాలమైన ఏకాంతం, ఇటీవలే జరిగిన ఒక వినాశనం మిగిల్చిన ఏకాంతం. ఆ నేలకు మనుషులు లేకపోవడమే సహజమన్న అభిప్రాయం అక్కడే మొలకెత్తి, పార్కుల ఆలోచనకు ఆధారమైంది.

సెరెంగెటి 1951లో జాతీయ వనమైంది. లోపల పశువులు మేపుకునేవారి హక్కుల మీద తగాదా ఆ దశాబ్దమంతా సాగింది. జర్మనీ జంతుశాస్త్రజ్ఞుడు బెర్న్‌హార్డ్ గ్రిజిమెక్, ఆయన కుమారుడు మైకేల్ జీబ్రా చారలు పూసిన చిన్న విమానంలో తిరుగుతూ మందలను లెక్కించారు; వనంలో పశువులకు చోటు ఉండకూడదన్నది గ్రిజిమెక్ గట్టి అభిప్రాయం. 1959 జనవరిలో ఒక రాబందు తగిలి విమానం కూలి మైకేల్ మరణించాడు. సెరెంగెటి మీద వారు తీసిన చలనచిత్రానికి ఆస్కార్ బహుమతి వచ్చింది, లోకం సెరెంగెటిని ప్రేమించడం నేర్చుకుంది. ఆ 1959లోనే మాసాయిలు సెరెంగెటిని వదిలిపెట్టారు. వారి కోసం, వారి పశువుల కోసం, అడవిజంతువుల కోసం కలిపి గోరోంగోరో పరిరక్షణ ప్రాంతం ఏర్పడింది. అదే ఏడాది జులైలో, న్డూటు వైపున మొదలై తూర్పుకు సాగే ఓల్డువాయి లోయలో పురావస్తు శాస్త్రజ్ఞురాలు మేరీ లీకీకి పదిహేడున్నర లక్షల ఏళ్ళనాటి మానవజాతి బంధువు పుర్రె దొరికింది. ఆ మైదానాలలో మనిషి అడుగు ఎంత పాతదో లోకానికి తెలిసిన ఏడాదీ, వాటిలో ఒక పెద్ద భాగానికి మనిషి లేని ప్రకృతి అని పేరుపెట్టిన ఏడాదీ ఒకటే.

ఆవుకూ న్యుంబుకూ ఉన్న బంధం ఆ తరువాత మరింత స్పష్టపడింది. పశువులకు టీకాలు వేయగా వేయగా మైదానం చుట్టుపక్కల ముసర వ్యాధి తగ్గి, 1960ల మొదటి ఏళ్ళలో అది అడవిమందలను కూడా వదిలిపోయింది. 1961లో రెండున్నర లక్షలకు కాస్త పైగా ఉన్న న్యుంబులు 1977 నాటికి పదమూడు లక్షలు దాటాయి. కెన్యాలో పనిచేసిన పశువైద్య శాస్త్రజ్ఞుడు వాల్టర్ ప్లోరైట్ తయారుచేసిన టీకా ఆ వ్యాధిని చివరకు భూమి మీద నుంచే తొలగించడానికి ఆధారమైంది. 2011లో ముసర వ్యాధి అంతరించిందని ప్రకటన వెలువడింది. అతిథి గుడారం ముందు కూర్చుని చూసే ఆ మహాజంతువాహిని, పశువుల కాపరులు తమ ఆవులను వరుసలో నిలబెట్టి సూది వేయించుకున్నందున కూడా ఏర్పడింది. ఈ వాక్యాన్ని సఫారీ విడుదులలో ఎక్కడైనా ఒక పలక మీద రాసి పెట్టి ఉంటే బాగుండునని అనిపించడం సహజం.

ఇంకొక బంధం కూడా ఉంది, అది అంత మంచిది కాదు. అప్పుడే పుట్టిన న్యుంబు దూడలలో ఒక వైరస్ ఉంటుంది. అది వాటికి ఏ హానీ చేయదు గాని, దూడలు తిరిగిన గడ్డిని ఆవు మేస్తే ఆ ఆవుకు ప్రాణాంతకమైన జ్వరం వస్తుంది, మందు లేదు. దూడలకు మూడు నెలలు నిండే దాకా ఈ ముప్పు తీరదు. కనుక పొట్టిగడ్డి అత్యంత పుష్టిగా ఉన్న నెలలలోనే, అంటే సరిగ్గా గుడారాలు వెలిసే నెలలలోనే, మాసాయిలు తమ ఆవులను ఆ మేతకు దూరంగా ఎత్తు ప్రాంతాలకు తోలుకుపోతారు. న్యుంబులు రెండున్నర లక్షలు ఉన్ననాటి కన్నా పదమూడు లక్షలైన నాడు ఆ దారి మరీ పొడుగైంది. తాము టీకాలు వేయించిన పశువుల వల్ల పెరిగిన మంద తమ పశువుల మేతను ఆక్రమించడాన్ని మాసాయి కాపరి ఫిర్యాదుగా కన్నా కాలధర్మంగా ఎక్కువ చూశాడని చెప్పవచ్చు. వెళ్ళడానికి ఎత్తునేల ఉన్నంతవరకూ ఆ సర్దుబాటు నడిచింది.

ఇప్పుడు కష్టం అక్కడే. పరిరక్షణ ప్రాంతం ఏర్పడినప్పుడు వేలలో ఉన్న జనాభా ఇప్పుడు లక్షకు చేరువలో ఉంది. ఆ ప్రాంతంలోని గోరోంగోరో అగ్నిపర్వత బిలం అడుగుభాగం నుంచి 1974లో కాపరులను ఖాళీ చేయించారు. సాగు మీద నిషేధాలు వచ్చాయి, సడలాయి, మళ్ళీ వచ్చాయి. ఇటీవలి ఏళ్ళలో అక్కడి అగ్నిపర్వత బిలాలలో మేత, నీరు కూడా పశువులకు మూసుకుపోయాయి. 2022 నుంచి వందల కిలోమీటర్ల దూరంలోని మ్సొమెరా అనే చోటికి కుటుంబాలను తరలించే కార్యక్రమాన్ని ప్రభుత్వం చేపట్టింది. అదే ఏడాది జూన్‌లో, సెరెంగెటికి తూర్పున ఉన్న లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్ల మేతనేలకు హద్దురాళ్ళు నాటే సందర్భంలో పోలీసులకూ ప్రజలకూ ఘర్షణ జరిగింది. జనం పెరిగితే గడ్డి తరుగుతుందన్న ప్రభుత్వ వాదనలో పస లేదని చెప్పలేము. అయితే గడ్డిని పంచుకోవలసిన ఇద్దరిలో ఒకరు ఏటా కొన్ని రాత్రులకు వచ్చి వెళ్ళేవారు, రెండోవారు ఆ నేలను తరతరాలుగా మేసి కాపాడినవారు అయినప్పుడు, లేచి వెళ్ళవలసినది రెండోవారే కావడం న్యాయమైన పంపకం కాదు.

దక్కను పీఠభూమి మీద కూడా ఈ ప్రశ్నకు ఒక చిన్న ప్రతిరూపం ఉంది. సాగులో లేని, అడవి కాని నేలనంతటినీ బంజరుగా రాసుకున్న బ్రిటిష్ లెక్కలు ఇక్కడి గడ్డినేలల విలువను మరుగుపరిచాయని, వాటిలో ఎక్కువ భాగం సవానాలేనని పరిశోధకులు ఇటీవల గట్టిగా చెబుతున్నారు. నంద్యాల జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. కృష్ణజింకలు మిగిలాయి, ఆ పిట్ట మాత్రం దాదాపు కనుమరుగైంది. అక్కడ విలాసవంతమైన గుడారాలు లేవు. దక్కను గడ్డిని ఎరిగిన కురుమ కాపరి గొర్రెల వెంట పోతూ వాన పడితే గొంగడిని తల మీదికి మడిచి కప్పుకుని దానిలోనే కూర్చుంటాడు. లోకంలోని గుడ్డ గోడలన్నిటిలో అత్యంత పలచనిది బహుశా అదే. మాసాయి భుజం మీది ఎర్రని షూకా, అంటే గళ్ళ దుప్పటి, దానికి దూరపు బంధువు.

మార్చి, ఏప్రిల్ నెలలలో మాసికా అనే పెద్ద వానలు కురుస్తాయి. అవి తగ్గి పొట్టిగడ్డి ఎండడం మొదలయ్యేసరికి న్యుంబులు దూడలను వెంటబెట్టుకుని పడమటికి, ఆపై ఉత్తరానికి బారులు తీరుతాయి. సరస్సు ఒడ్డున పనివాళ్ళు ముందు మంచాలను విప్పుతారు, తరువాత కుర్చీల తోలుపట్టీలను. కాన్వాసును తడి ఆరేదాకా కొమ్మల మీద వేసి, ఇద్దరు చెరో అంచు పట్టుకుని మడిచి లారీ ఎక్కిస్తారు. గుంజలు పీకిన చోట చిన్న గుంతలు, గుడారం నిలిచిన చోట పాలిపోయిన గడ్డి చతురస్రాలు మిగులుతాయి. ఎత్తునేలల నుంచి మైదానం వైపు దిగుతున్న ఆవుల మెడగంటలు అప్పటికి వినబడుతూ ఉంటాయి. వాటి ముందు నడిచే కుర్రవాడు ఎక్కడ మేపనివ్వవచ్చో ఎక్కడ మేపకూడదో గుర్తు చేసుకుంటూ, గడ్డిని తుంచి వాసన చూస్తాడు.